ఒంటరి ప్రయాణంలో తోడు కోసం: గ్రూపుల్లో ఏం రాయాలి, ఎవరితో బయల్దేరాలి

ఊరు కాని ఊళ్లో ఒక్కరే దిగిన మొదటి రోజు బాగానే గడుస్తుంది. రెండో రోజు సాయంత్రానికి మాట్లాడే మనిషి కోసం ప్రాణం లాగుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, దొరికిన గ్రూప్‌లో చేరి "హాయ్, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని పెట్టడం. జవాబు రాదు. వస్తే, రాకూడని వాళ్ల నుంచి వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేద్దామని అడుగుతున్నారో ఆ మెసేజ్‌లో లేదు కాబట్టి, తమ పని తాము చూసుకుంటున్న మామూలు మనుషులు దాన్ని దాటేసి పోతారు. పనీపాటా లేనివాళ్లు, వేరే పని పెట్టుకున్నవాళ్లు మాత్రం ఆగుతారు.

మీ ప్రయాణానికి ఇంకా మూడు వారాలు ఉందనుకుని మొదలుపెడదాం.

ఏ అవసరానికి ఏ గ్రూప్

"ట్రావెలర్స్" అని పేరున్న పెద్ద ఫేస్‌బుక్ గ్రూపుల్లో లక్షల మంది ఉంటారు, కానీ మీరు వెళ్లే రోజున మీరు వెళ్లే ఊళ్లో ఉండేవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. అవి రూట్ల గురించి, రేట్ల గురించి పాత పోస్టులు వెతుక్కోవడానికి పనికొస్తాయి. మనుషులు దొరికేది చిన్న గ్రూపుల్లో, అందులోనూ ఏదో ఒక పని చుట్టూ అల్లుకున్న వాటిలో.

అన్నిటికంటే తేలిక ప్రయాణికుల హాస్టల్. డార్మ్‌లో, అంటే నలుగురూ పంచుకునే గదిలో, మంచం తీసుకుంటే, అక్కడి రిసెప్షన్‌లో "మీ వాట్సాప్ గ్రూప్ ఉందా?" అని అడగండి. చాలా చోట్ల ఉంటుంది. హాస్టల్‌వరల్డ్ యాప్‌లో బుక్ చేసుకున్నవాళ్లకు అదే ఊరికి అవే తేదీల్లో వస్తున్న మిగతావాళ్లతో చాట్ తెరుచుకుంటుంది. హోటల్ గదిలోనే ఉండాలనుకుంటే కనీసం మొదటి రెండు రాత్రులైనా హాస్టల్‌లో ఉండి చూడండి. చాలా హాస్టళ్లలో ప్రైవేట్ గదులు కూడా ఇస్తారు.

నగరాలకైతే మీటప్ పనికొస్తుంది. 2002 నుంచి ఉన్న సైట్, సభ్యులుగా చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో నడక, బోర్డ్ గేమ్స్, ఒకరి భాష ఒకరు నేర్చుకోవడం, ఫొటోగ్రఫీ లాంటి వాటికి తేదీ, చోటు ముందే వేసి ఉంటాయి. గ్రూప్‌లో ఎంతమంది సభ్యులున్నారో పట్టించుకోకండి. గత రెండు నెలల్లో ఎన్నిసార్లు కలిశారో, ఫొటోలు పెట్టారో లేదో చూడండి. "వస్తాం" అని నొక్కినవాళ్లలో సగం మంది వస్తే గొప్ప. కాబట్టి నలుగురు నొక్కిన కార్యక్రమానికి వెళ్తే మీరూ, నిర్వాహకుడూ మాత్రమే మిగలవచ్చు. పదిహేను, ఇరవై మంది ఉన్నది ఎంచుకోండి. రాలేకపోతే ముందురోజే పేరు తీసేయండి.

బెంగళూరు వెళ్తే శనివారం ఉదయం కబ్బన్ పార్క్‌కి పుస్తకం పట్టుకుని వెళ్లండి. 2023లో మొదలైన కబ్బన్ రీడ్స్ వాళ్లు చెట్ల కింద మౌనంగా చదువుకుంటూ కూర్చుంటారు. మాట్లాడటం తప్పనిసరి కాని చోట మాటలు సులువుగా కలుస్తాయి. విదేశాల్లో ఇలాంటిదే పార్క్‌రన్: శనివారం ఉదయం, 5 కి.మీ., ఉచితం, నడిచినా ఫర్వాలేదు, తర్వాత అందరూ కలిసి కాఫీకి వెళ్తుంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేషియా, జపాన్‌లలో ఉంది.

ఊళ్లోవాళ్లు ప్రయాణికులకు తమ ఇంట్లో ఉచితంగా చోటిచ్చే సైట్ కౌచ్‌సర్ఫింగ్. 2020 నుంచి చాలా దేశాలవాళ్లకు అది చందా కడితే తప్ప తెరుచుకోవడం లేదు. ఒక్క ట్రిప్ కోసం చందా కట్టాలా అని ఆలోచిస్తుంటే ముందు అలాంటిదే అయిన బీవెల్‌కమ్ చూడండి. వాలంటీర్లు నడుపుతారు, ఉచితం. జనం తక్కువే కానీ ఉన్నవాళ్లు ఓపిగ్గా జవాబిస్తారు. సైకిల్ మీద తిరిగేవాళ్లకు వార్మ్ షవర్స్ ఉంది.

ఇక తెలుగు గ్రూపులు. విదేశీ నగరాల్లో మనవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఎక్కువగా ఉండేవి అద్దె గదులు, ఉద్యోగాలు, కర్రీ పాయింట్ల సంగతులు. ప్రయాణికులకు తోడు దొరికే చోటు అది కాదు. ఉగాదికో, బతుకమ్మకో, సంక్రాంతికో ఆ ఊళ్లో ఉంటే మాత్రం అడగండి. సింగపూర్ తెలుగు సమాజం లాంటి పాత సంఘాలు పండగలు జరుపుతుంటాయి, టికెట్ కొనుక్కుని వెళ్లవచ్చు. ఆ గ్రూపుల్లో ఒక ప్రమాదం కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

చేరే ముందు ఫోన్ సర్దుకోవడం

పావుగంట పని. ఎవరూ చెయ్యరు, తర్వాత తల పట్టుకుంటారు.

వాట్సాప్ గ్రూప్‌లో చేరిన క్షణం నుంచి మీ నంబర్ అందులోని అందరికీ కనిపిస్తుంది. ఆ గ్రూప్‌లో మూడు వందల మంది ఉంటే మూడు వందల మందికీ. అందుకే సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, అబౌట్ మూడింటినీ "మై కాంటాక్ట్స్"కి మార్చండి. అక్కడే "గ్రూప్స్" అన్న చోట కూడా అదే పెడితే ముక్కూ మొహం తెలియని వాళ్లు మిమ్మల్ని లోన్ల గ్రూపుల్లోకి లాగలేరు. టెలిగ్రామ్‌లో నంబర్ దాచుకోవచ్చు: ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ఫోన్ నంబర్ దగ్గర "నోబడీ" పెట్టి, ఒక యూజర్‌నేమ్ తీసుకోండి. రెండూ ఉన్న చోట టెలిగ్రామ్‌లోనే చేరడం మంచిది.

చాలామందికి తట్టనిది యూపీఐ. టీ డబ్బులు పంపినా బ్యాంకులో ఉన్న మీ పూర్తి పేరు అవతలివాళ్లకు కనిపిస్తుంది. యూపీఐ ఐడీ మీ ఫోన్ నంబర్‌తోనే మొదలయ్యేదైతే నంబర్ కూడా చేతికి ఇచ్చినట్టే. యాప్‌లో నంబర్ లేని ఇంకో ఐడీ సృష్టించుకుని ప్రయాణంలో దాన్నే వాడండి.

ఫేస్‌బుక్, మీటప్ లాంటి చోట్ల ప్రొఫైల్ మాత్రం మరీ ఖాళీగా ఉంచకండి. ముఖం కనిపించే ఫొటో ఒకటి, రెండు వాక్యాల పరిచయం ఉంటే చాలు: ఏ ఊరు, ఏ భాషలు వచ్చు, ఏమంటే ఇష్టం. నిన్న తెరిచిన ఖాతాలా కనిపిస్తే అడ్మిన్లు చేర్చుకోరు. కొన్ని గ్రూపుల్లో అనుమతి రావడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. మూడు వారాల ముందు మొదలుపెట్టమన్నది అందుకే.

చేరాక వారం రోజులు ఏమీ రాయకండి. పిన్ చేసిన నియమాలు చదవండి, గ్రూప్‌లో మీరు వెళ్లే ఊరి పేరు పెట్టి వెతకండి. ఎవరు ఎక్కువగా సాయం చేస్తున్నారో, ఎవరు ప్రతి ఆడపిల్ల పోస్ట్ కిందా "చెక్ ఇన్‌బాక్స్" అని రాస్తున్నారో తెలిసిపోతుంది.

మెసేజ్ రాయడం

తోడు కావాలని అడగకండి. మీ ప్లాన్ చెప్పి, అందులో చోటుందని చెప్పండి. ఎవరూ రాకపోయినా మీరు చేసే పనే అయి ఉండాలి. పుదుచ్చేరి వెళ్తున్నారనుకుంటే ఇలా:

"ఈ శనివారం ఉదయం 6 గంటలకు ప్రొమెనేడ్ బీచ్‌లో గాంధీ విగ్రహం దగ్గర నుంచి పాత ఫ్రెంచ్ వీధుల్లో నడక మొదలుపెడుతున్నాను. 8 గంటలకు టిఫిన్, అక్కడితో అయిపోతుంది. ఎవరి ఖర్చు వాళ్లది. ఇద్దరు ముగ్గురు రావచ్చు. తెలుగు, ఇంగ్లిష్, కొంచెం తమిళం వచ్చు. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రి 9 లోపు ఇక్కడే చెప్పండి. 6:15 వరకు ఆగి బయల్దేరతాను."

ఇందులో ప్రతి ముక్కకీ పని ఉంది. చోటు బహిరంగం, వేళ ఉదయం. ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పారు కాబట్టి మధ్యలో ఎలా తప్పించుకోవాలా అన్న బెంగ ఇద్దరికీ ఉండదు. డబ్బు సంగతి తేలిపోయింది. "ఇక్కడే చెప్పండి" అన్నందువల్ల ఎవరెవరు వస్తున్నారో అందరికీ తెలుస్తుంది. ఆఖరి వాక్యం చెయ్యిచ్చేవాళ్ల కోసం.

రాయకూడనివి: మీరు దిగిన హోటల్ పేరు, గది నంబర్, "నేను ఒక్కదాన్నే వచ్చాను", "ఏ ప్లాన్ అయినా ఓకే". ఆఖరిది మర్యాదగానే ఉంటుంది కానీ, నిర్ణయం మొత్తం అవతలివాళ్ల చేతిలో పెట్టేస్తుంది. ఉత్తరాది, విదేశీ గ్రూపుల్లో ఇదే మెసేజ్‌ని ఇంగ్లిష్‌లో పెట్టండి, పొడవు మాత్రం పెంచకండి. ఫోన్ తెర మీద ఒక్కసారికి కనిపించేంత ఉండాలి.

ఎంత ముందు పెట్టాలి? నడక, కాఫీ, సినిమా లాంటి వాటికి రెండు రోజుల ముందు. అంతకు ముందే పెడితే అప్పటికి మర్చిపోతారు. ట్యాక్సీ, ట్రెక్ లాంటి డబ్బు పంచుకునే వాటికి రెండు వారాల ముందు ఒకసారి, చేరడానికి మూడు రోజుల ముందు ఒకసారి.

వచ్చిన జవాబులను వడకట్టడం

గ్రూప్‌లో మాట్లాడకుండా నేరుగా ఇన్‌బాక్స్‌కి వచ్చేవాళ్లను మళ్లీ గ్రూప్‌కే పిలవండి: "అందరికీ తెలిసేలా అక్కడే చెప్పండి." మామూలు మనిషికి ఇందులో ఇబ్బంది ఉండదు. రెండోసారి కూడా ఇన్‌బాక్స్‌లోనే రాస్తే వదిలేయండి.

రాత్రి గడిపే ప్రయాణమైతే ఐదు నిమిషాల వీడియో కాల్ తప్పనిసరి. ఫొటోలోని మనిషీ, మాట్లాడుతున్న మనిషీ ఒకరేనా అన్నది ఒకటి. రెండోది, లేవడం ఎన్నింటికి, సిగరెట్, మందు, ఫొటోల కోసం ఎంతసేపు ఆగుతారు, గది పంచుకోవడం ఇష్టమా లాంటివి అడగడం. అనుమానం ఉంటే ప్రొఫైల్ ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, ఎవరో మోడల్ ఫొటో అయితే బయటపడుతుంది. బీవెల్‌కమ్, కౌచ్‌సర్ఫింగ్ లాంటి చోట్ల పొగడ్తల సమీక్షలు దాటేసి, "బానే ఉంది, కానీ..." అన్నవి చదవండి. మొహమాటంతో నిజాన్ని అలాంటి వాక్యాల్లోనే దాస్తారు.

మొదటిసారి కలిసేది గంట, గంటన్నర చాలు. మీ సొంత బండిలో, ఆటోలో వెళ్లండి, సొంతంగా తిరిగి రండి. లైవ్ లొకేషన్‌ని వాట్సాప్‌లో 15 నిమిషాలకో, గంటకో, 8 గంటలకో పంచుకోవచ్చు. ఇంట్లో ఒకరికి 8 గంటలది పెట్టి, "ఫలానా టైముకి ఫోన్ చేస్తాను, చెయ్యకపోతే నువ్వు చెయ్యి" అని చెప్పండి. వాళ్లు చేసే ఆ ఫోన్ మీరు బయటపడటానికి సాకుగా కూడా పనికొస్తుంది.

డబ్బు పంచుకునే ప్రయాణం: లేహ్ ఉదాహరణ

ఒంటరిగా వెళ్లినవాళ్లకు తోడు అవసరం నిజంగా తగిలేది లడఖ్‌లోని లేహ్‌లో. అక్కడి నుంచి నుబ్రా లోయకు, పాంగాంగ్ సరస్సుకు ట్యాక్సీ రేటు బండికి ఇంత అని అక్కడి యూనియన్ నిర్ణయిస్తుంది. ఒక్కరు వెళ్లినా ఆరుగురు వెళ్లినా అదే. లేహ్ ఊళ్లో ఫోర్ట్ రోడ్డు, చాంగ్‌స్పా వైపు ట్రావెల్ ఏజెన్సీల తలుపుల మీద "పాంగాంగ్, ఫలానా తేదీ, ఇద్దరు కావాలి" అని కాగితాలు అంటించి ఉంటాయి. గ్రూపుల్లో జరిగేదీ అదే, కాస్త ముందుగా.

అన్నిటికంటే ముందు సిమ్. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ మాత్రమే. హైదరాబాద్‌లో పోస్ట్‌పెయిడ్‌కి మారకుండా విమానం ఎక్కితే, దిగిన నిమిషం నుంచి మీరు కూడగట్టిన గ్రూప్ మీకు అందదు. పాంగాంగ్ దగ్గర పోస్ట్‌పెయిడ్ సిగ్నల్ కూడా నమ్మకం కాదు. కాబట్టి ఎక్కడ, ఎన్నింటికి కలుసుకోవాలో లేహ్‌లోనే నోటితో అనుకోవాలి.

తేదీ వేసేటప్పుడు మర్చిపోకూడనిది ఎత్తు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో వచ్చినవాళ్లు రెండు రోజులు కదలకుండా ఉండాలి. అందుకని మెసేజ్‌లో "10వ తేదీ లోపు లేహ్ చేరినవాళ్లు, 12న ఉదయం 7కి బయల్దేరడం" అని రెండూ రాయండి. 11న దిగి 12న బండెక్కుతానన్నవాళ్లను చేర్చుకుంటే, ఖార్దుంగ్ లా కనుమ ఎక్కేసరికి వాళ్లకు వాంతులు మొదలవుతాయి. బండి వెనక్కి తిరగాలి, మిగతా ఐదుగురి ప్రయాణం పోతుంది. ఈ విషయంలో మొహమాటపడకండి.

లెక్క రెండు రకాలుగా రాయండి. బండికి 24,000 అనుకుందాం: ఆరుగురైతే మనిషికి 4,000, నలుగురైతే 6,000. "ఆరుగురు అనుకుని వస్తున్నాను, నలుగురే అయితే కూడా సరే" అన్నవాళ్లనే ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఆరుగురు ఒప్పుకుంటే ఒకరిద్దరు జారిపోవడం మామూలు. నిజానికి ఇన్నోవాలో ఆరుగురు ఎక్కితే వెనక సీటువాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఐదుగురు హాయి. సీట్లు రోజూ మార్చుకోవాలని ముందే అనుకోండి. ముందు సీటు దగ్గర వచ్చే గొడవ చిన్నదిగా కనిపిస్తుంది కానీ మూడు రోజులూ ఆ మంట ఆరదు.

అడ్వాన్స్ ఎవరి వాటా వాళ్లు నేరుగా ఏజెన్సీకో, డ్రైవర్‌కో కట్టాలి. గ్రూప్ కూడగట్టిన మనిషి ఖాతాకి కాదు. మీరే కూడగట్టినా ఇదే పాటించండి. ఒకరి డబ్బు మీ చేతిలో ఉంటే, వాళ్లు రాకపోయినప్పుడు తిరిగివ్వాలా వద్దా అన్న పంచాయితీ మీ నెత్తినే పడుతుంది. దారి ఖర్చులు స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్‌లో ఏరోజుకారోజు రాసి, ఆ రాత్రే తేల్చుకోవాలి. ఊళ్లకు తిరిగి వెళ్లాక వసూలు చేద్దామంటే జరగదు.

ఇక మధ్యలో, అనుకున్న రూటులో లేని చోటు పేరు చెప్పి "హాన్లే కూడా వెళ్దాం" అనేవారు ఒకరు తప్పకుండా ఉంటారు. బయల్దేరే ముందు రూటు రాసి అందరితో "సరే" అనిపించుకుంటే, అప్పుడు డ్రైవరే "రాసుకున్నదే వెళ్తాను" అంటాడు.

మోసాలు ఎలా నడుస్తాయి

ఎక్కువగా వినిపించేది బిల్లు ఉచ్చు. యాప్‌లో, గ్రూప్‌లో పరిచయమైన మనిషి తనకు తెలిసిన కేఫ్‌కో పబ్‌కో రమ్మంటారు. మెనూలో ధరలు ఉండవు, లేదా చూపించరు. ఏవేవో తెప్పిస్తారు, ఫోన్ వచ్చిందని లేచి వెళ్లి మళ్లీ రారు. వేలల్లో, ఒక్కోసారి లక్ష దాటి బిల్లు వస్తుంది, ఇద్దరు బౌన్సర్లు పక్కన నిలబడతారు. 2024లో ఢిల్లీ, ముంబై, హైదరాబాద్ మూడు చోట్లా పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్నారు. బీజింగ్, షాంఘైలలో ఇదే "ఇంగ్లిష్ నేర్చుకుంటున్నాం, టీ తాగుదాం రండి" అన్న రూపంలో, ఇస్తాంబుల్‌లో బార్ రూపంలో నడుస్తుంది. విరుగుడు ఒక్కటే: చోటు మీరే ఎంచుకోవడం. "నా చోటుకే రావాలి" అని పట్టుబడితే రద్దు చెయ్యండి. మన దేశంలో ఇరుక్కుంటే గొడవపడకుండా అక్కడి నుంచే 112కి ఫోన్ చెయ్యండి. కట్టక తప్పకపోతే నగదు ఇవ్వకుండా కార్డుతోనో, యూపీఐతోనో కట్టండి, ఆనవాలు మిగులుతుంది. ఆన్‌లైన్‌లో పంపిన అడ్వాన్స్ పోతే సైబర్ మోసాల నంబర్ 1930కి వెంటనే చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

జైపూర్‌లో రత్నాల కథ వేరు. రెండు రోజులు స్నేహంగా తిరిగి, భోజనం పెట్టి, "మీ పేరు మీద రాళ్లు పంపిస్తే పన్ను పడదు, మీకు వాటా" అంటారు. ఎక్కువగా విదేశీయులకు వేసే వల ఇది.

తెలుగు గ్రూపుల ప్రమాదం అన్నాను కదా, అది పార్సిల్. "అన్నా, మీరు దుబాయ్ వెళ్తున్నారు కదా, మా తమ్ముడికి చిన్న ప్యాకెట్" అని అడుగుతారు. "మనవాడే కదా" అని తీసుకుంటాం. అందులో అమ్మ పెట్టిన మసాలాలే ఉన్నాయనుకోండి, వాటిలో గసగసాలు ఉన్నా యూఏఈ, సౌదీ చట్టాల ప్రకారం అది నిషిద్ధ మాదక పదార్థమే. జైలు పాలైనవాళ్లున్నారు. డాక్టర్ చీటీ లేని మందులూ అంతే. "నా బ్యాగ్ నిండిపోయిందమ్మా" అని చెప్పేయండి, అబద్ధమైనా సరే.

ఆడవాళ్ల కోసం మరికొన్ని

హోస్ట్ ఎ సిస్టర్ లాంటి ఆడవాళ్లకు మాత్రమే అన్న ఫేస్‌బుక్ గ్రూపులు బాగా పనిచేస్తాయి. కానీ పేరూ ఫొటో ఆడవాళ్లవైనంత మాత్రాన నమ్మకండి, వీడియో కాల్ నియమం ఇక్కడా అంతే. ఒక మగాడితో ఒంటరిగా కలిసే బదులు ముగ్గురికి తక్కువ కాని ప్లాన్ వెయ్యండి. "మా ఫ్రెండ్ కూడా వస్తోంది" అనగానే ఉత్సాహం చల్లారే మనిషి ఎందుకు రావాలనుకున్నాడో మీకు అర్థమైపోతుంది. తాగే గ్లాసు వదిలి లేవకండి, లేచారంటే కొత్తది తెప్పించుకోండి. కలిసింది నచ్చకపోతే కారణం చెప్పాల్సిన పని లేదు. "నేను బయల్దేరతాను" అంటే చాలు. "అయ్యో, ఏమనుకుంటారో" అనిపిస్తుంది, అయినా లేవండి.

ఎవరూ రాకపోతే

జరుగుతుంది. 15 నిమిషాలు ఆగి, గ్రూప్‌లో "బయల్దేరాను, 8కి ఫలానా హోటల్లో టిఫిన్ దగ్గర ఉంటాను" అని పెట్టి నడక మొదలుపెట్టండి. ఆలస్యంగా లేచినవాళ్లు కొందరు టిఫిన్ దగ్గరికి వస్తారు. రెండు పోస్టులకూ స్పందన లేకపోతే ఆ గ్రూప్ నిద్రపోతోందని అర్థం. మూడోది పెట్టకుండా, ఎవరో ఇప్పటికే నిర్వహిస్తున్న నడకకో, వంట క్లాసుకో డబ్బు కట్టి వెళ్లండి. డబ్బు కట్టినవాళ్లు వస్తారు.

ఊరు దాటాక ఆ గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి, వాళ్లతో పంచుకున్న లైవ్ లొకేషన్లు ఆపేయండి. వచ్చేముందు ఒక మెసేజ్ పెట్టండి: ట్యాక్సీకి మనిషికి ఎంత పడింది, ఎంతమంది వెళ్లారు, డ్రైవర్ ఎన్నింటికి వచ్చాడు, ఏ రోడ్డు మూసి ఉంది. వచ్చే వారం అదే ఊళ్లో ఒక్కరే దిగేవాళ్లు దాన్నే వెతుక్కుంటారు.